ఆంధ్రుల ఆహారము – దేహబలము

కోడి రామమూర్తిగారి పేరు వినని తెలుగువాడు అరుదు. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై, పిమ్మట సర్కసు నడిపి, కలియుగ భీముడని దేశమెల్ల కొనియాడబడిన ఆ మహాబలుడు 1942లో కీర్తిశేషుడయ్యెను. ఱొమ్మునకు బిగించిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి త్రెంచుటయు, ఏనుగును ఎదపై నిలుపుకొనుటయు ఆయన ప్రదర్శించిన విద్యలు. ఆయన శాకాహారి. విశాఖపట్టణపు సముద్రతీరమున నున్న ఆయన విగ్రహమునకు పూలదండ వేయుట మనకు సులభము. ఆయన సాధనలో పదియవ వంతైనను అవలంబించుట మాత్రము దుష్కరముగ నున్నది.

జాతి బలమును కొలుచుటకు ఒక్క భీముడు చాలడు. నలుబది యేండ్లు దాటిన సామాన్య గృహస్థు మేడమెట్లెక్కి ఆయాసపడక నిలువగలడా యనునదే నిజమైన కొలత. ఆ కొలతకు మనము చాలుటలేదు. భారత వైద్య పరిశోధన మండలి ఆదరణమున జరిగి 2023లో ప్రకటింపబడిన పరిశీలన ప్రకారము దేశమున మధుమేహ పీడితులు 10 కోట్లకు పైబడిరి; ఆ రోగపు వాకిట నిలిచినవారు 13 కోట్లకు మించిరి. మన వయోజనులలో ఇంచుమించు సగముమంది 2022 నాటికి చాలినంత శరీరశ్రమ చేయుటలేదని 2024లో వెలువడిన మరియొక పరిశీలన తెలిపినది. ఈ రెండు లెక్కలను విడివిడిగ చదువరాదు. తినుటయు శ్రమించుటయు తక్కెడకు రెండు తట్టలు.

మొదట కంచమును విచారింతము. 20వ శతాబ్ది పూర్వార్ధమున ఉత్తర సర్కారులలో బెరిబెరి వ్యాధి విస్తారముగ నుండెను. కాళ్లు తిమ్మిరెక్కి, దేహముబ్బి, గుండె నీరసించి మనుష్యులు కూలుచుండిరి. ధాన్యము పండని సీమ కాదది. దోషము మరలో నుండెను. పచ్చి ధాన్యమును మరపట్టించి మల్లెపూవువలె తెల్లచేయుటచే, పైపొరలోని థయమిన్ అను విటమిను తవుడుతోబాటు పోవుచుండెను. ఉప్పుడు బియ్యము తినుచోట్ల ఈ వ్యాధి అరుదు. ధాన్యమును నానబెట్టి ఉడికించునపుడు ఆ విటమిను గింజలోనికి ఇంకి నిలుచుటయే అందులకు హేతువు. తెల్లబియ్యము తిన్న కోళ్లయందు ఐక్మన్ పండితుడు 1890 దశాబ్దమున జావాద్వీపమందు గమనించిన విషయమే ఇది. ఆ పరిశోధనకు ఆయనకు 1929లో నోబెల్ బహుమానము లభించినది.

కూనూరులో మెకారిసన్ దొర భిన్న ప్రాంతముల భోజనములను ఎలుకలకు పెట్టి పరీక్షించెను. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలు గల సిక్కుల భోజనము తిన్నవి అన్నిటికన్న పుష్టిగ పెరిగినవి. మదరాసు వరియన్నపు భోజనము తిన్నవి అన్నిటికన్న వెనుకబడినవి. ఆ కూనూరు సంస్థయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగ వెలయుచున్నది. పాఠశాల మన ముంగిటికి వచ్చినను పాఠము మాత్రము మనకు వంటబట్టలేదు. నేటికిని తవుడు గేదెకు, తెల్లని అన్నపురాశి మనకు!

"మా తాతలు ఈ అన్నమే తిని కొండలను పిండిచేయలేదా?" యని కొందరడుగుదురు. తాతలు తిన్నది దంపుడు బియ్యము. తిన్నదానిని చేలగట్లమీద చెమటగ కార్చిరి. అయినను ఆ కాలమును స్వర్గమని పొగడనక్కరలేదు. 1941–51 దశాబ్దమున భారతీయుని సగటు ఆయుర్దాయము 32 ఏండ్లు మాత్రమే. ఆయువు హెచ్చినందులకు సంతోషింపవలసినదే. కాని నాగలి పట్టిన చేయి నేడు బండి చక్రమును పట్టినది. నడచిన కాలు కుర్చీక్రింద ముడుచుకొన్నది. కంచములోని రాశి మాత్రము నాగలినాటి రాశియే. భూస్వామికిని, వకీలునకును, వర్తకునకును పొట్ట పెరుగుట ఐశ్వర్య చిహ్నము కాదు; లెక్క తప్పిన జమాఖర్చు.

ఈ లెక్క మన పూర్వులకు తెలియనిది కాదు. ధనహీనుడైన ప్రమేహరోగి చెప్పులును గొడుగును లేక నూరు యోజనములు నడువవలెననియు, ధనవంతుడు శ్యామాక నీవారముల వంటి ధాన్యములతో జీవింపవలెననియు సుశ్రుతుడు విధించెను. వ్యాయామమును తన బలములో సగముమేరకే చేయవలెనని హద్దును ఏర్పరచినవాడును ఆయనయే.

ఈ హద్దును నేటి యువకులు ముఖ్యముగ గమనింపవలెను. ఒక మాసములో కండలు పొంగవలెనని జిమ్ములో శక్తికి మించి బరువులెత్తి, వేలకొలది రూపాయలు పోసి ప్రోటీను పొడులు కొనువారు పెక్కురున్నారు. ఇట్టి పొడులు వలదని జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి మార్గదర్శక సూత్రములలో స్పష్టముగ చెప్పినది. 65 కిలోల పురుషునకు దినమునకు ఇంచుమించు 54 గ్రాముల ప్రోటీను కావలెను. నూరు గ్రాముల కందిపప్పులో ఇంచుమించు 22 గ్రాములున్నది. పప్పు, పెరుగు, శనగలు, తినువారికి గ్రుడ్లు, చేపలు — ఇవి యున్న ఇంట డబ్బాతో పనియేమి?

కావున చేయవలసినది స్వల్పము, కాని నిత్యము చేయవలసినది. అన్నమును సగము తగ్గించి, ఆ చోటును పప్పుతోను, ఆకుకూరలతోను నింపవలెను. తక్కువ పాలిషు పట్టిన బియ్యమునో, జొన్న రాగులనో వాడవలెను. అయితే దంపుడు బియ్యమైనను మితము తప్పరాదు. వారమునకు 150 నిమిషములకు తక్కువకాకుండ చురుకుగ నడచి, రెండు దినములైనను దండెములు, బస్కీలు తీయవలెను. హృద్రోగము గలవారు ముందుగ వైద్యుని సంప్రదింపవలెను. మరియొకమాట: ఈ సంస్కారము పేర ఇంటి ఇల్లాలిచే వేరు వంట చేయింపరాదు. యజమానునకు మేలైన భోజనము ఇంటిల్లిపాదికిని మేలే.

రామమూర్తిగారు ఇనుప గొలుసు త్రెంచిరి. మనము త్రెంచవలసినది అంతకంటె సన్ననిది, అలవాటు అను గొలుసు. రేపటి ఉదయము పొలముగట్టునకు బండిమీద గాక కాలినడకను పోవుటతో ఆ పని ప్రారంభింపవచ్చును.