ఏడంతస్తుల బర్గరూ... మన కొత్తల్లుడి విస్తరీ!

"అమ్మా, ఆదివారం దాకానేనట! ఆ తర్వాత కావాలన్నా దొరకదట!"

ఈ మాట ఈమధ్య మీ ఇంట్లోనూ వినిపిస్తోందా? చీరల సంగతి కాదండోయ్, బర్గరు సంగతి! పిల్లాడి చేతిలో ఫోను, ఆ ఫోనులో రెండు చేతులకీ పట్టనంత బర్గరు బొమ్మ, దాని కింద "కొద్ది రోజులే" అని ఎర్రక్షరాలు. ఒకప్పుడు పెద్ద నగరాల ముచ్చట అనుకున్న బర్గరు, ఇప్పుడు ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ సాయంత్రమయ్యేసరికి నూడిల్సు బండి పక్కనే ప్రత్యక్షమవుతోంది. బన్ను మధ్య ఒక్క కట్‌లెట్ పెట్టి అమ్మితే పిల్లలు ఇంత గొడవ చెయ్యరు. అదే మూడు కట్‌లెట్లు ఒకదానిమీద ఒకటి పేర్చి, గడువు రాసి పెడితే చాలు, ఇంట్లో ధర్నా మొదలు!

వద్దంటే పిల్లలు అలుగుతారు. సరేనంటే పర్సు అలుగుతుంది. మరేం చెయ్యాలి? ముందు ఈ పెద్ద బర్గర్ల కథేమిటో చూద్దాం. ఆ తర్వాత మన సంక్రాంతి విస్తరి దగ్గరికి వద్దాం. ఎందుకంటే పెద్ద వంట, కొద్ది రోజుల ముచ్చట... ఈ రెండూ మన గోదావరి వాళ్లకి కొత్తేం కాదు కదా!

దేశానికో వింత

ఈ సరదాలో జపాన్ వాళ్లది పెద్ద చెయ్యి. 2007 జనవరిలో అక్కడి మెక్‌డొనాల్డ్స్ వాళ్లు మామూలుగా ఉండే రెండు మాంసం ముక్కలకి బదులు నాలుగు పెట్టి 'మెగా మ్యాక్' అని కొద్ది వారాలు అమ్మారు. 2009 అక్టోబరులో ఇంకో వింత జరిగింది. కంప్యూటర్లలో వాడే 'విండోస్ 7' విడుదలైన సందర్భంగా అక్కడి బర్గర్ కింగ్ వాళ్లు ఏడు మాంసం ముక్కలతో, దాదాపు 5 అంగుళాల ఎత్తున ఒక బర్గరు కట్టారు. ఏడు రోజుల అమ్మకం, రోజూ ముందొచ్చిన 30 మందికి 777 యెన్లు. అన్నీ ఏడులే! కంప్యూటర్‌కీ బర్గరుకీ సంబంధమేమిటని అడక్కండి. ఆ ప్రశ్న జనం నోట నానాలనే కదా ఆ తాపత్రయమంతా!

2010లో అమెరికాలో కేఎఫ్‌సీ వాళ్లు ఏకంగా బన్నునే తీసిపారేశారు. రెండు వేయించిన చికెన్ ముక్కల మధ్య చీజ్, పొగబెట్టిన పంది మాంసం పెట్టి 'డబుల్ డౌన్' అన్నారు. కొద్ది వారాలే అని మొదలుపెట్టి, గిరాకీ చూసి గడువు పొడిగించారు. ఆ తర్వాత 2014లో మళ్లీ వచ్చింది, 2023లో మరోసారి వచ్చింది. "ఇదే ఆఖరు" అన్నది ఎన్నిసార్లు తిరిగొచ్చిందో చూశారా!

2023 జూలైలో థాయిలాండ్ వంతు. అక్కడి బర్గర్ కింగ్ వాళ్లు మాంసం లేదు, కూర లేదు, బన్ను మధ్య ఒట్టి చీజ్ ముక్కలే... ఒకటీ రెండూ కాదు, ఇరవై! అసలు ధర 380 భాట్‌లు కాగా, 109కే ఇస్తామన్నారు. సగం తినేసరికే మొహం మొత్తిందని చెప్పుకున్నవాళ్లున్నారు. అయినా జనం ఎగబడ్డారు.

మన దేశం సంగతికొస్తే, 1996 అక్టోబరులో ఢిల్లీలో మెక్‌డొనాల్డ్స్ మొదటి దుకాణం తెరిచినప్పుడు గొడ్డు మాంసం లేకుండా 'మహారాజా మ్యాక్' పెట్టారు. దానికి గడువు లేదు గానీ, పేరులోనే దర్జా ఉంది.

కిటుకు ఎక్కడుంది?

ఇది మనకి తెలియని విద్యేం కాదు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, బట్టల కొట్లకి బేరాలుండవు. అందుకే "ఆషాఢం సేల్, ఈ నెలే" అని బోర్డు కడతారు. బీరువాలో చీరలు పట్టకపోయినా, ఆ బోర్డు చూడగానే కాలు ఆగుతుందా లేదా? బర్గరుదీ అదే దారి. ఎప్పుడూ దొరికేదైతే "రేపు చూద్దాంలే" అనుకుంటాం. ఆదివారంతో అయిపోతుందంటే "ఇవాళే" అనుకుంటాం. ఆకలి పొట్టలోంచి కాదు, క్యాలెండర్‌లోంచి పుడుతుందన్నమాట.

వంటిల్లు నడిపేవాళ్లం కాబట్టి ఇంకో సంగతి మనకి ఇట్టే తెలుస్తుంది. ఈ పెద్ద బర్గరు కోసం హోటల్ వాళ్లు కొత్తగా కొనేది దాదాపు ఏమీ ఉండదు. అదే బన్ను, అదే కట్‌లెట్, అదే చీజ్. రెండుకి బదులు నాలుగు పేరుస్తారు, అంతే! మనం మిగిలిన ఇడ్లీపిండితో ఊతప్పం వేసి కొత్త టిఫిన్ అన్నట్టు. పైగా ఎత్తు చూసి ఫొటో తీసి, జనమే ఊరంతా చాటుతారు. ప్రకటన ఖర్చు కూడా కలిసొచ్చినట్టే.

ఒక్కరి పొట్టకి ఎంత?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం, పెద్దగా శరీర శ్రమ లేని స్త్రీకి రోజు మొత్తానికి కావలసింది సుమారు 1,660 కేలరీలు. పొద్దుటి కాఫీ నుంచి రాత్రి మజ్జిగన్నం దాకా అన్నీ కలిపి! 2004లో అమెరికాలో హార్డీస్ అనే సంస్థ తెచ్చిన 'మాన్‌స్టర్ థిక్‌బర్గర్' ఒక్కదానిలోనే 1,420 కేలరీలు ఉండేవి. పక్కన పెట్టే బంగాళాదుంప వేపుడు, కూల్‌డ్రింకు ఆ లెక్కలోకి రావు. అంటే రోజంతటి తిండి దాదాపుగా ఒక్క పూటలో, అదీ పదిహేను నిమిషాల్లో లోపలికెళ్లిపోతుంది.

ఉప్పు సంగతి మరీను. ఒక మనిషికి రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను మించకూడదంటారు. బన్నులో ఉప్పు, చీజ్‌లో ఉప్పు, కట్‌లెట్‌లో ఉప్పు, సాస్‌లో ఉప్పు. అంతస్తు పెరిగినకొద్దీ అదీ పెరుగుతుంది. మీవారికి బి.పి. ఉంటే మనం ఇంట్లో ఆవకాయ జాడీ దాచిపెడతాం. బర్గరుని మాత్రం "ఎప్పుడో ఒకసారి కదా" అని వదిలేస్తాం!

ఇంకొకటి మయొనైజ్. పచ్చి గుడ్డుతో చేసిన మయొనైజ్ సరిగ్గా నిలవ లేకపోతే చెడిపోయి ప్రాణం మీదికి తెస్తుంది. హైదరాబాద్‌లో బయటి తిండి తిని జనం ఆస్పత్రుల పాలైన సంఘటన తర్వాత, 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఏడాదిపాటు నిషేధించింది. కాబట్టి బండి మీద ఎండలో ఉన్న తెల్ల సాస్ సీసాని చూస్తే ఒక క్షణం ఆగండి.

మరి మన విస్తరి?

"అవన్నీ పరాయి దేశాల వేషాలు, మనకెందుకు" అనుకుంటున్నారా? ఆగండాగండి! 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాల వంటకాలతో విందు పెట్టారు. ఏడాదిలో రోజుకొకటి చొప్పునట! 2023 సంక్రాంతికి భీమవరంలో మరో అల్లుడికి 173 రకాలు. టీవీల్లో, ఫోనుల్లో దేశమంతా చూసింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి ఏలూరు ఒక జిల్లా, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రమైన జిల్లా అయ్యాయి గానీ, అల్లుడి మర్యాద మాత్రం విడిపోలేదు!

మర్యాదని తప్పుపట్టడం లేదు. కొత్తల్లుడు పండక్కొస్తే గారెలు, బూరెలు, అరిసెలు, పూతరేకులు, పనసపొట్టు కూర, నాటుకోడి, కొల్లేటి కొరమీను పులుసు... ఇవి లేకపోతే అది గోదావరి ఇల్లే కాదు. కానీ చిన్న లెక్క వెయ్యండి. ఒక్కో రకం రుచి చూడ్డానికి ఒక్క నిమిషం అనుకున్నా, 365 రకాలకి ఆరు గంటలు దాటుతుంది. మరి ఆ విందు తినడానికా, చూడ్డానికా? జపాన్ వాళ్ల ఏడంతస్తుల బర్గరుకీ దీనికీ తేడా ఎంత?

ఆ ఫొటోల్లో ఇంకో సంగతి గమనించారా? అల్లుడు, కూతురు, అత్తామామలు నవ్వుతూ కనిపిస్తారు. పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్లు కనిపించరు. అందరూ వంటవాళ్లని పెట్టుకోలేరు కదా! పక్కింట్లో యాభై రకాలు పెట్టారని మన ఇంట్లో అరవై అనుకుంటే, ఆ పది ఎవరి నడుం మీద పడతాయో మీకు నేను చెప్పాలా?

ఇక తాపేశ్వరం లడ్డూ. మడతకాజాకి పేరుపడ్డ ఆ ఊళ్లో 2016 సెప్టెంబరు 6న చేసిన లడ్డూ బరువు 29,465 కిలోలు. గిన్నిస్ రికార్డు! ఖైరతాబాద్ గణపతి కోసం కూడా ఆ ఊరి నుంచి వేల కిలోల లడ్డూలు లారీలెక్కాయి. లడ్డూ కూడా గడువున్న వంటకమే. వినాయక చవితి వెళ్లాక దాని ముచ్చట ఉండదు. కానీ బర్గరుకీ దానికీ ఒక్క తేడా ఉంది. గణపతి చేతిలోని లడ్డూని ఒక్కరే తినాలని ఎవరూ అనుకోరు. అది విరగ్గొట్టి, పొట్లాలు కట్టి, వేలమందికి ప్రసాదంగా పంచడానికే అంత పెద్దగా చేస్తారు.

తేడా అంతా అక్కడే ఉందండీ. పెద్దది అయితే తప్పు కాదు. పెద్దది ఒక్కరి ముందు పెట్టి "తిను చూద్దాం" అనడంలోనే వస్తుంది చిక్కు.

నది పెట్టే గడువు

గడువున్న తిండి కావాలంటే మనకేం తక్కువ? గోదావరికి ఎర్రనీరు తగిలితే పులస. సముద్రంలోంచి నదికి ఎదురీదుతూ వచ్చే ఆ చేప ఏటా కొద్ది వారాలే. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు పెద్దలు. ఎండాకాలం తాటిముంజెలు, చలికాలం తేగలు. ఇవి ఆదివారంతో అయిపోవు, ఋతువుతో అయిపోతాయి. ఏడాది తిరిగేసరికి మళ్లీ వస్తాయి. పిల్లలకి "ఇప్పుడే దొరుకుతుంది" అనే సరదా చూపించాలంటే, వీటితో మొదలుపెట్టొచ్చు.

మీరేం చెయ్యొచ్చు?

* పిల్లలు అడిగితే ఒక్కసారిగా వద్దనకండి. వద్దన్నకొద్దీ మోజు పెరుగుతుంది. ఒక పెద్ద బర్గరు తెప్పించి, ఇంటికి తేగానే కత్తితో నాలుగు ముక్కలు చెయ్యండి. తలా ముక్క, పక్కన కీరా, పచ్చి ఉల్లిపాయ.

* కూల్‌డ్రింకు, వేపుడు కలిపిన 'కాంబో' చౌకగా కనిపిస్తుంది. మీకు అవి కావాలా అని ముందు అడుక్కోండి. అక్కర్లేనిది చౌకగా కొన్నా దండగే!

* "ఒక్కరే తింటే బహుమతి" అనే పందేలకి మగపిల్లల్ని పోనివ్వకండి. తొందరగా మింగితే గొంతుకి అడ్డం పడుతుంది. ఆ తర్వాత ఏ బహుమతీ పనికిరాదు.

* పండక్కి అల్లుడొస్తుంటే, అతనికి ఇష్టమైన ఐదు వంటలేమిటో అమ్మాయిని ముందే ఫోనులో అడగండి. ఆ ఐదూ బాగా చెయ్యండి. మీరు కూడా వాళ్లతో కూర్చుని తినండి. వడ్డించే అత్తగారికంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్పే అత్తగారే అల్లుడికి గుర్తుంటుంది.

ఇంట్లోనే: ఆరుగురి బర్గరు

పిల్లలకి కావలసింది 'పెద్ద' బర్గరే అయితే, ఇదిగో మన కొల్లేటి పద్ధతి. బేకరీలో ఆరు పావ్‌లు ఒకదానికొకటి అంటుకుని పలకలా దొరుకుతాయి. వాటిని విడదీయకుండా తెచ్చుకోండి. అదే కిటుకు!

కావలసినవి: కొరమీను ముక్కలు అర కిలో, ఉడికించిన బంగాళాదుంపలు 3, ఉల్లిపాయలు 3, పచ్చిమిర్చి 3, అల్లం వెల్లుల్లి ముద్ద ఒక చెంచా, మిరియాల పొడి అర చెంచా, కొత్తిమీర, బ్రెడ్ పొడి ఒక కప్పు, గుడ్డు 1, ఉప్పు, పసుపు, నిమ్మకాయ, గట్టి పెరుగు రెండు కప్పులు, క్యాబేజీ, టమాటా, నూనె.

చేసే విధం: ముందుగా పెరుగుని పల్చని బట్టలో మూటకట్టి గంటసేపు వేలాడదీయండి. నీరంతా కారాక, అందులో దంచిన వెల్లుల్లి రెండు రెబ్బలు, చిటికెడు మిరియాల పొడి, ఉప్పు కలిపితే మయొనైజ్‌కి బదులు తెల్ల సాస్ సిద్ధం.

చేపముక్కలకి పసుపు, ఉప్పు పట్టించి ఆవిరి మీద ఉడికించండి. చల్లారాక తోలు, ముళ్లు తీసెయ్యండి. కొరమీనుకి ముళ్లు తక్కువే అయినా పిల్లలకి పెట్టేటప్పుడు వేళ్లతో రెండుసార్లు నలిపి చూడటం మంచిది. అందులో బంగాళాదుంపల ముద్ద, సన్నగా తరిగిన ఒక ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద, మిరియాల పొడి, కొత్తిమీర, కాస్త బ్రెడ్ పొడి వేసి కలిపి, ఆరు చదునైన కట్‌లెట్లు చెయ్యండి. గిలక్కొట్టిన గుడ్డులో ముంచి, బ్రెడ్ పొడిలో దొర్లించి, పెనం మీద కొద్ది నూనెతో సన్నసెగన రెండువైపులా ఎర్రగా కాల్చండి.

మిగిలిన రెండు ఉల్లిపాయలు చక్రాల్లా తరిగి నిమ్మరసం, ఉప్పు చల్లి పది నిమిషాలు ఉంచండి. ఉల్లి టోకు వ్యాపారానికి పేరుపడ్డ తాడేపల్లిగూడెం పక్కనే పెట్టుకుని ఉల్లికి లోటు చెయ్యకూడదు కదా!

పావ్ పలకని విడదీయకుండా అడ్డంగా రెండు పొరలుగా కొయ్యండి. లోపలివైపు పెనం మీద వెచ్చచేసి, పెరుగు సాస్ రాసి, క్యాబేజీ తురుము, ఆరు కట్‌లెట్లు పక్కపక్కనే, టమాటా, ఉల్లి చక్రాలు పేర్చి పైపొర మూసెయ్యండి. పళ్లెంలో పెడితే ఒకే పెద్ద బర్గరు! శాకాహారులైతే చేపకి బదులు ఉడికించిన అరటికాయ, బఠాణీ వాడుకోవచ్చు. గుడ్డుకి బదులు మైదా జారు సరిపోతుంది.

పళ్లెం మధ్యలో పెట్టి పిల్లల్నే విరుచుకోమనండి. ఆరు ముక్కల్లో ఒకటి మీదని ముందే చెప్పి ఉంచండి సుమా! అందరూ తిన్నాక మిగిలితే చూద్దాంలే అనుకుంటే, ఏ ఇంట్లోనూ మిగలదు.