కుంకుడుకాయయు, షాంపూ పొట్లమును

భద్రాచలపు అడవి సరిహద్దు గ్రామములలో డిపో యనగా గిరిజన సహకార సంస్థ వారి అంగడియే. 1956లో విశాఖపట్టణమున ఆరంభమైన యీ సంస్థ కోయల వద్ద తేనె, కుంకుడుకాయలు, తపసి జిగురు కొనుచు, వారికి ఉప్పు, పప్పు, సబ్బులు అమ్ముచు వచ్చినది. 2014లో రాష్ట్రము విడిపోయిన పిదప తెలంగాణమునకు వేరు సంస్థ యేర్పడినది.

అవ్వకు తలంటునకు కుంకుడుకాయ. మనుమరాలికి సంతలోని షాంపూ పొట్లము. దీనిని సోమరితనమని మేమనము. కాయలు కొట్టి, నానబెట్టి, పిసికి, వడగట్టవలెను. పొట్లమును చింపిన చాలును. తమిళనాట కడలూరులో 1983లో పుట్టిన చిక్ షాంపూ, సీసా కొనలేనివారికి చిన్న పొట్లము చూపియే పల్లెలను పట్టినది.

సరుకు పేరు అలవాటుపై బ్రతుకును. తల్లి వాడిన సబ్బును బిడ్డ యెరుగును, తానును కొనును. ఒక తరము మానినచో, బల్లపై నున్నను ఆ పేరు కంటబడదు. సంస్థ వారి తేనె, సబ్బు అమ్ముడుపోనిచో కొనుగోలు తగ్గును. నష్టము అడవిలో తేనె పట్టిన యింటిదే. పెద్దల అభిమానమొక్కటియే చాలదు గనుక, సంస్థ వారును చిన్న పొట్లములు చేసి, సంతనాడు డిపో తప్పక తెరచి యుంచవలెను. యువజనులు మొదట డిపోలో ధర యడిగి, తూకము చూచి, పిదప సంతకు పోవుదురు గాక.