వార్తల్లో పదం: రన్ ఆఫ్ ది రివర్

పెద్ద జలాశయం కట్టకుండా, పారే నీటితోనే కరెంటు తీసే పద్ధతి ఇది. నీటిని సొరంగంలోకి మళ్లించి, ఎత్తు నుంచి టర్బైన్ల మీదికి వదిలి, మళ్లీ నదిలోనే కలుపుతారు. దిల్‌సుఖ్‌నగర్ కుళాయిల్లో వేసవిలోనూ కృష్ణా నీళ్లు వస్తున్నాయంటే నాగార్జునసాగర్ నిల్వ వల్లే. రన్ ఆఫ్ ది రివర్‌లో ఆ నిల్వ వెసులుబాటు ఉండదు. హిమాచల్‌లోని తాండి దగ్గర చంద్ర, భాగ నదులు కలిసి ఏర్పడే చీనాబ్‌లో వేసవికి మంచు కరిగి టర్బైన్లు జోరందుకుంటాయి, చలికాలంలో నీరసిస్తాయి. 1960 నాటి సింధు ఒప్పందం చీనాబ్ నీటిని ప్రధానంగా పాకిస్థాన్‌కు వదిలి, భారత్‌కు ఈ తరహా విద్యుత్తును అనుమతించింది. గేట్లు ఎక్కడ పెట్టాలి, నీరు ఎంత ఆపాలి అన్న దగ్గరే పేచీ. 2025 ఏప్రిల్‌లో భారత్ ఆ ఒప్పందాన్ని పక్కన పెట్టింది. గ్రూప్స్‌కు చదివేవారు గుర్తుంచుకోండి: సలాల్, బగ్లిహార్, దుల్‌హస్తీ, రాత్లే విద్యుత్ ప్రాజెక్టులు నాలుగూ చీనాబ్ మీదివే.