రెండు పొయ్యిలు - ఒక బ్రేకు

కారు కొనబోయేవారు మైలేజీ యెంత, రంగేమిటి, డిక్కీలో యెన్ని పెట్టెలు పడతవి అని అడుగుతారు. లోపల పనిచేసే చిన్న చిన్న కంప్యూటర్ల సంగతి అడిగేవారు అరుదు. వాటికి పనులు పంచడమే నా వృత్తి గనుక నాలుగు మాటలు చెబుతాను.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనులో నూరోవంతు కాలానికి సుమారు 17 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు పట్టేసి జారిపోకుండా చూసే ఏ.బి.యస్. లెక్క అటువంటి లిప్తలలో మళ్ళీ మళ్ళీ జరగాలి. జవాబు సరిగానే వచ్చినా, వేళ దాటి వస్తే తప్పు జవాబుతో సమానమే.

పూర్వం ఒక చిప్పులో లెక్కలు చేసే 'కోర్' ఒకటే వుండేది. తరచుగా రావలసిన పనికి ముందు పీట వేయాలనీ, పనులు ఒకదానిపై ఒకటి ఆధారపడకుండా, మొత్తంమీద కోర్ కాలంలో నూటికి 69 వంతులు మించకుండా వుంటే యేదీ గడువు తప్పదనీ లియు, లేలాండ్ 1973లో నిరూపించారు. ఇప్పుడు ఒకే చిప్పులో రెండు, మూడు, ఆరు కోర్లు. "చేతులు పెరిగితే యింకేం, పని సులువే గదా!" అంటారేమో. మీ వంటింట్లోనే చూడండి.

పొయ్యిలు రెండు. కాఫీనీళ్ళకు 5 నిమిషాలు, పాలకు 5 నిమిషాలు, పప్పుకు గంట. అమ్మాయి 62 నిమిషాలలో ఆఫీసు బస్సు అందుకోవాలి. చిన్న పనులు ముందు తెమలనిద్దామని రెండు పొయ్యిలమీదా కాఫీ, పాలు పెట్టారనుకోండి. పప్పు దిగేసరికి 65 నిమిషాలు. బస్సు వెళ్ళిపోయింది! రెండో పొయ్యి చూస్తే గంటసేపు ఖాళీ. కాఫీ, పాలు ఒకదానికే వదిలి, పప్పును మొదటే రెండోదానిమీద పెట్టివుంటే రెండు నిమిషాలు మిగిలేవి.

పాత సూత్రాన్ని గుడ్డిగా వాడితే యెన్ని కోర్లున్నా యిదే గతి పట్టవచ్చునని ధాల్, లియు 1978లో చూపారు. (ధాల్ గారి పేరుకూ నా పప్పుకూ సంబంధం లేదు.) అందుకే కార్ల కంపెనీలు ఉమ్మడిగా పాటించే ఆటోసార్ క్లాసిక్ పద్ధతిలో యే పని యే కోర్‌దో ముందుగానే నిర్ణయిస్తారు. నడిరోడ్డుమీద మార్పులుండవు.

అంతటితో తీరలేదు. కోర్లు వేరైనా మెమరీ చాలావరకు ఉమ్మడి. ఇద్దరు వంటవాళ్ళకు కొళాయి ఒకటే అయితే, ఒకరు బిందె పట్టేటప్పుడు రెండోవారు ఆగక తప్పదు. ఒంటరిగా వున్నప్పుడు ఒక మిల్లీసెకనులో ముగిసే లెక్క, పక్క కోర్ కెమెరా బొమ్మలు సర్దుతుంటే యెంతసేపు పడుతుంది? మా పగళ్ళూ, కొన్ని రాత్రిళ్ళూ ఈ ప్రశ్నకే పోతవి. సగటు లెక్క మాకు అక్కరకు రాదు. అన్నిటికంటె చెడ్డ ఘడియలో యెంత పడుతుందో తెలియాలి. కోర్ల సంఖ్య చూపి గొప్పలు చెప్పే ప్రకటనలు చూస్తే నాకు నవ్వొచ్చేది యిందుకే.

ఇంత చేసినా కాపలా తప్పదు. కొన్ని చిప్పులలో రెండు కోర్లకు ఒకే లెక్క యిచ్చి జవాబులు సరిచూస్తారు. పక్కనే ఒక కాపలా గడియారం వుంటుంది. ముఖ్యమైన పనులు వేళకు హాజరు చెప్పుకోకపోతే, అది కంప్యూటరును మొదటినుంచి మళ్ళీ నడిపిస్తుంది. అప్పటికీ కుదరక ఏ.బి.యస్. చేతులెత్తేసినా మామూలు బ్రేకు పనిచేస్తూనే వుంటుంది. మీకు కనిపించేదల్లా స్టీరింగు వెనుక ఒక పసుపుపచ్చ దీపం. అది వెలిగి ఆరకపోతే, రేపు చూద్దామనుకోకుండా ఆ రోజే మెకానిక్కుకు చూపించండి.