మీసాల అమ్మ చెప్పిన కథలు: జానపద కథను బడిలోకి తెచ్చిన గిజుభాయి ఎవరు?

ఒక ఎలుక పిల్లకు ఏడు తోకలుంటాయి. బడికి వెళ్తే తోటి పిల్లలు 'ఏడు తోకల ఎలుక' అని ఆటపట్టిస్తారు. అది ఏడుస్తూ ఇంటికొస్తుంది. 'దానికేముంది, మంగలి దగ్గరికెళ్లి ఒకటి కోయించుకో' అంటుంది తల్లి. మర్నాడు ఆరు తోకలతో బడికి వెళ్తే 'ఆరు తోకల ఎలుక' అని మళ్లీ ఏడిపిస్తారు. మళ్లీ ఏడుపు, మళ్లీ మంగలి. అలా రోజుకొక తోక పోతుంది. చివరికి ఒక్కటే మిగిలితే దానికీ వెక్కిరిస్తారు. విసుగెత్తి అదీ కోయించుకుంటుంది. ఇక ఎవరూ ఏమీ అనరులే అనుకుని బడికి వెళ్తే, 'తోక లేని ఎలుక' అంటూ పిల్లలు మరింత గట్టిగా నవ్వుతారు.

గుజరాత్‌లో ఈ కథ తెలియని ఇల్లు దాదాపు ఉండదు. చాలామందికి తెలియనిది, దాన్ని బాల సాహిత్యంలోకి, తరగతి గదిలోకి తీసుకొచ్చిన మనిషి గురించి. ఆయన ఒకప్పుడు కోర్టులో వాదించిన వకీలు. పేరు గిరిజాశంకర్ భగవాన్‌జీ బధేకా. అందరూ గిజుభాయి అంటారు. పిల్లలతో తల్లిలా మెలిగేవారని, పెద్ద మీసాలుండేవని 'మూఛాళీ మా' అనే పేరు వచ్చింది. అంటే 'మీసాల అమ్మ'.

తెలుగు ఉపాధ్యాయుల్లో చాలామందికి ఆయన మరో దారిలో పరిచయం. గుజరాతీలో 'దివాస్వప్న' పేరుతో ఆయన రాసిన చిన్న పుస్తకం తెలుగులో 'పగటి కల'గా వచ్చింది. డీఎడ్, బీఎడ్ చదివినవారి అరలో అది ఉండే అవకాశం ఎక్కువ. అయితే మనవాళ్లు దాన్ని బోధన పద్ధతుల పుస్తకంగా చదివారు. అందులో మొదట కనిపించేది ఒక కథకుడు అన్న సంగతి అంతగా చర్చకు రాలేదు.

వకీలు టీచరెలా అయ్యారు?

గిజుభాయి 1885 నవంబరు 15న సౌరాష్ట్రలోని చితల్‌లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు అమ్రేలీ జిల్లాలో ఉంది. 1907లో బతుకుతెరువు కోసం తూర్పు ఆఫ్రికా వెళ్లారు. అప్పట్లో కాఠియావాడ్ కుర్రాళ్లకు అది మామూలే. తిరిగొచ్చి బొంబాయిలో న్యాయశాస్త్రం చదివి ప్రాక్టీసు పెట్టారు.

1913లో కొడుకు పుట్టాక ఆయన బతుకు దారి మారింది. ఈ పిల్లాడిని ఎలా పెంచాలి, ఎలాంటి బడికి పంపాలి అని వెతుకుతూ మరియా మాంటిస్సోరి రచనల దగ్గర ఆగారు. ఆనాటి బళ్లంటే బెత్తం, బట్టీ. తన కొడుకును అక్కడికి పంపడం ఆయనకు ఇష్టం లేకపోయింది. 1916లో వకీలు పని వదిలేసి, నానాభాయి భట్ నడుపుతున్న భావ్‌నగర్ దక్షిణామూర్తి సంస్థలో చేరారు. 1920లో అక్కడే చిన్న పిల్లల కోసం బాల మందిర్ మొదలుపెట్టారు.

చిన్న పిల్లలకు ప్రత్యేకంగా బడి ఉండాలనే ఆలోచనే అప్పటికి దేశంలో చాలామందికి కొత్త. తారాబాయి మోదక్ వంటివారు భావ్‌నగర్ వచ్చి ఆయనతో కలిసి పనిచేశారు. ఆ తర్వాత ఆమె మహారాష్ట్రలోని బోర్డీ, కోస్‌బాడ్ ప్రాంతాల్లో ఆదివాసీ పిల్లల మధ్య బాలవాడీ, అంగన్‌వాడీ ప్రయోగాలు చేశారు. ఇవాళ మన ఊరి చివర కనిపించే 'అంగన్‌వాడీ' అనే మాటకు వేర్లు అక్కడున్నాయి.

గురువుతో ఒక పేచీ

గిజుభాయి మాంటిస్సోరిని గురువుగానే భావించారు. కానీ ఒక ముఖ్యమైన విషయంలో ఆమె మాట వినలేదు. చిన్న పిల్లలు ముందు నిజ ప్రపంచాన్ని చేత్తో తాకి, చూసి తెలుసుకోవాలని, మాయలు, మంత్రాలు, మాట్లాడే జంతువుల కథలు ఆ వయసుకు తగవని మాంటిస్సోరి అభిప్రాయం. గిజుభాయి ఆమె రూపొందించిన పరికరాలను తెచ్చుకున్నారు, పిల్లల స్వేచ్ఛ అనే సూత్రాన్నీ తీసుకున్నారు. దాని పక్కనే కాకిని, ఎలుకను, తిక్క రాజును కూర్చోబెట్టారు.

కారణం ఊహించడం కష్టమేమీ కాదు. సౌరాష్ట్రలో పొద్దుగూకితే కథ చెప్పని ఇల్లుండేది కాదు. అదే ప్రాంతంలో, దాదాపు అదే కాలంలో ఝవేర్‌చంద్ మేఘాణీ ఊరూరా తిరిగి వీరుల గాథలు, జానపద గీతాలు సేకరిస్తున్నారు. మేఘాణీ రచ్చబండ దగ్గర, చారణుల ముందు కూర్చుని విన్నారు. గిజుభాయికి కావలసింది వంటింటి గడపలో, పిల్లల పక్క దగ్గర దొరికే కథ. ఇంట్లో అవ్వ నోట విన్నదాన్ని బడి గుమ్మం దగ్గర వదిలేసి రమ్మంటే, పిల్లలు తమ భాషనూ అక్కడే వదిలేసి వస్తారు.

అందుకే ఆయన కథల భాష కాఠియావాడ్ ఇళ్లలో మాట్లాడే గుజరాతీ. వాక్యాలు పొట్టివి, ఒకే మాట పదే పదే వస్తుంది, మధ్యలో రాగం తీసి చెప్పేందుకు ఒక చరణం ఉంటుంది. మన గిడుగు రామమూర్తి పంతులు బడి పుస్తకాల్లో వాడుక భాష కోసం పోరాడింది కూడా ఈ దశాబ్దాల్లోనే. ఒకరికొకరు తెలుసో లేదో గానీ, ఇద్దరినీ కదిలించిన ప్రశ్న దగ్గర దగ్గరగా ఉంది.

తోటను అడిగి వంకాయలు కోసినవాడు

ఆయన కథల్లో ఎక్కువ పేరున్నది దలా తర్వాడీది. దలా తర్వాడీకి వంకాయలంటే ప్రాణం. తోట యజమాని లేని సమయం చూసి వెళ్తాడు. దొంగతనం అనిపించుకోవడం ఇష్టం లేదు కాబట్టి తోటనే అనుమతి అడుగుతాడు. తోట తరఫున తానే గొంతు మార్చి, పదీ పన్నెండూ కోసుకోమని జవాబిస్తాడు. రోజూ ఇదే తంతు. చివరికి యజమాని వశరాం మాటువేసి పట్టుకుంటాడు. కొట్టడు, తిట్టడు. నడుముకు తాడు కట్టి బావి దగ్గరికి తీసుకెళ్తాడు. ఇతణ్ని ఎన్నిసార్లు ముంచమంటావని బావిని అడుగుతాడు. బావి తరఫున తానే జవాబు చెబుతాడు, పదీ పన్నెండూ అని.

గుజరాత్‌లో ఇది పిల్లల కథగా మిగిలిపోలేదు. అధికారంలో ఉన్నవాళ్లు తమకు తామే అనుమతులిచ్చుకుని ప్రభుత్వ సొమ్ము, భూమి పంచుకుంటే 'ఇదేమైనా దలా తర్వాడీ తోటా?' అంటారు. ఐదేళ్ల వయసులో విన్న కథ యాభై ఏళ్ల మనిషికి రాజకీయాన్ని అర్థం చేసుకునే పనిముట్టు కావడమంటే ఇదే. ఆ పని చేయడానికి దానికి చివర నీతి వాక్యం అవసరం రాలేదు.

'ఆనంది కాగడో', అంటే సంతోషపు కాకి, మరో రకం. రాజు దాన్ని ఎలా శిక్షించినా ఆ కాకి ఏడవదు. బురదలో వేస్తే జారడం నేర్చుకుంటున్నానంటుంది, బావిలో వేస్తే ఈత నేర్చుకుంటున్నానంటుంది. శిక్షించి శిక్షించి రాజుకే విసుగొస్తుంది. ఒక మెట్టు మీద ఇంకో మెట్టు వేసుకుంటూ పోయే ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. రాజుగారి ఏడుగురు కొడుకులు, ఎండని చేప, గడ్డిమోపు, ఆవు, చివరికి చీమ దాకా సాగే మన ఏడు చేపల కథ కట్టుబడి కూడా అదే. తర్వాత ఏం వస్తుందో పిల్లలకు ముందే తెలుసు, అయినా కావాలి. తెలిసినదాన్ని సరిగ్గా అదే చోట మళ్లీ వినడంలో ఉన్న సంతోషాన్ని గిజుభాయి పట్టుకున్నారు. కథ చెప్పడం గురించి 'వార్తాను శాస్త్ర' అని విడిగా ఒక పుస్తకమే రాశారు. గుజరాతీలో వార్త అంటే కథ. ఏ వయసుకు ఏ కథ, ఎలా ఎంచుకోవాలి, ఎలా చెప్పాలి అన్నది అందులోని విషయం.

'పగటి కల'లో రెండో రోజు

1930ల తొలినాళ్లలో వచ్చిన 'దివాస్వప్న' కల్పిత కథ. లక్ష్మీరామ్ అనే ఆయన విద్యాధికారిని కలిసి, ఒక ఏడాది పాటు ఒక తరగతి ఇవ్వండి, నా పద్ధతిలో చెబుతానంటాడు. అధికారికి నమ్మకం లేకపోయినా నాలుగో తరగతి అప్పగిస్తాడు. ఏడాది చివర పరీక్ష మాత్రం తప్పదు.

మొదటి రోజు లక్ష్మీరామ్ ఘోరంగా విఫలమవుతాడు. పుస్తకాల్లో చదివి నేర్చుకున్న 'నిశ్శబ్దం ఆట' ఆడించబోతే పిల్లలు గోల గోల చేస్తారు. చేసేదిలేక ఇంటికి పంపేస్తాడు. ప్రధానోపాధ్యాయుడికి కోపం వస్తుంది. ఆ రాత్రి ఆలోచించుకుని రెండో రోజు ఆయన ఎత్తుకున్నది ఒక రాజు కథ. తరగతి నిశ్శబ్దమైపోతుంది. బడి గంట కొట్టినా పిల్లలు కదలరు. కథ రోజుల తరబడి సాగుతుంది.

పుస్తకంలో నాకు ఎక్కువ నచ్చేది దీని తర్వాత వచ్చే ఇబ్బంది. తోటి టీచర్లకు అసూయ, అనుమానం. కథలు ఎవరైనా చెబుతారు, చదువు ఎప్పుడు మొదలుపెడతారన్నది అధికారి ప్రశ్న. లక్ష్మీరామ్ ఇచ్చే సమాధానం ఆయన చేతల్లో ఉంటుంది. కథ కోసం పిల్లలు కుదురుగా కూర్చుంటారు. కథ అయిపోతే ఇంకా కావాలంటారు కాబట్టి పుస్తకాలు ముందు పెడతాడు. పాఠ్యపుస్తకాలు కొనే డబ్బుతో తరగతికి ఒక గ్రంథాలయం తయారవుతుంది. విన్న కథలను పిల్లలు నాటకంగా ఆడతారు. చదవడం నేర్పడానికి కథ చెప్పలేదు, కథ మీద ఇష్టం పుట్టాక చదవక తప్పలేదు.

తొంభై ఏళ్ల తర్వాత కూడా అధికారి ప్రశ్న అలాగే ఉంది. 2020 జాతీయ విద్యా విధానం కథ ద్వారా బోధనను పేరుపెట్టి మరీ సిఫారసు చేసింది. మరుసటి ఏడాది కేంద్రం మొదలుపెట్టిన 'నిపుణ్ భారత్' మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. తెలంగాణలో 'తొలిమెట్టు' కూడా ఈ పునాది చదువుల కోసమే వచ్చింది. చదవలేని పిల్లలు లక్షల్లో ఉన్నప్పుడు కొలత వద్దనడం బాధ్యత లేని మాట అవుతుంది. కానీ పదాల లెక్క తీయడానికి ఫారం ఉంది, కథ విన్న పిల్లవాడి ముఖం చూసి నింపడానికి ఏ ఫారమూ లేదు. తనిఖీకి వచ్చేవారు దేన్ని అడుగుతారో టీచర్లకు తెలుసు. టైంటేబుల్‌లో ఒత్తిడి పెరిగితే మొదట పోయేది కథల పీరియడే.

కథలు ఎవరివి?

గిజుభాయి పుస్తకాలు, పుస్తికలు రెండు వందలకు పైనే ఉంటాయని చెబుతారు. వాటిలో ఎన్ని ఆయన సొంత సృష్టి, ఎన్ని విన్నవి అని గీత గీయడం కష్టం. ఫలానా కథ ఫలానా ఊరి అవ్వ చెప్పిందని ఇప్పటి జానపద పరిశోధకులు నమోదు చేసే పద్ధతి ఆ చిన్న పుస్తకాల్లో కనిపించదు. చెప్పినవారిలో ఆడవాళ్లే ఎక్కువ అయి ఉంటారు. వారి పేర్లు చరిత్రలో నిలవలేదు. గిజుభాయి పేరు నిలిచింది. ఆయన మీద గౌరవం ఉన్నవారు కూడా ఒప్పుకోవలసిన లోటు ఇది.

ఇంకో చిక్కూ ఉంది. ఈ కథల్లో అత్యాశ బ్రాహ్మడు, లౌక్యం తెలిసిన కోమటి వంటి కులాల మూస బొమ్మలు, బావిలో ముంచే శిక్షలు అన్నీ ఉంటాయి. వాటిని కడిగి తుడిచి చెప్పాలా, ఉన్నదున్నట్టు చెప్పి పిల్లలతో మాట్లాడాలా? నా మొగ్గు రెండోదానివైపే. అయితే ఏ తరగతి ముందు ఏ కథ ఎంచుకోవాలన్నది టీచర్ చూసుకోవలసిందే. ఎంపిక మీద గిజుభాయి అంతగా పట్టుబట్టింది ఊరికే కాదు.

గిజుభాయి 1939 జూన్ 23న చనిపోయారు. మాంటిస్సోరి తొలిసారి భారతదేశం వచ్చి మద్రాసులోని అడయారులో శిక్షణ మొదలుపెట్టింది అదే ఏడాది చివర్లో. ఇద్దరూ ఈ గడ్డ మీద కలుసుకోలేదు. కాకి కథ విషయంలో ఆ గురుశిష్యుల వాదన ఎలా ఉండేదో ఇక మనం ఊహించుకోవలసిందే.

రచయిత మరణించిన 60 ఏళ్లకు భారత చట్టం ప్రకారం కాపీరైట్ ముగుస్తుంది. అలా 2000 జనవరి 1 నుంచి ఆయన గుజరాతీ మూల రచనలు అందరివీ అయ్యాయి. నిజానికి ఆ కథలు అంతకు ముందూ అందరివే. దాంతో ఎవరికి తోచినట్టు వాళ్లు ముద్రిస్తున్నారు, యానిమేషన్లు చేస్తున్నారు. చాలావాటి మీద గిజుభాయి పేరు ఉండదు. తోకలన్నీ పోయిన ఎలుక దగ్గర ఆగాల్సిన కథకు, ఒక గొంతు వచ్చి 'చూశారా పిల్లలూ, ఇతరుల మాటలు పట్టించుకోకూడదు' అని అతికిస్తుంది. ఆ వాక్యం తప్పని కాదు. ఎలుక అలా ఎందుకు చేసింది, అమ్మ ఎందుకు అలా చెప్పింది, నవ్విన పిల్లలది తప్పు కాదా అని వింటున్న పిల్లలు అడగబోయే సరికి వీడియో అయిపోతుంది.