వార్‌క్రాఫ్టు కథయందలి పక్షధర్మము – దోషవిభాగము

కావ్యమునందుఁ బక్షములు రెండు కలిగినపుడు నాయకపక్షము ధర్మమును, ప్రతినాయకపక్షము అధర్మమును ఆశ్రయించి యుండుట సామాన్యమైన యేర్పాటు. చదువరి నాయకునితోఁ గూడి సంతోషించును, దుఃఖించును. కంప్యూటరుపై నాడెడి కథాక్రీడలయం దీ యేర్పాటు మాఱినది. అందు చదువరికి బదులు ఆటగాఁ డుండును. అతఁ డొక పక్షమునఁ జేరి, దానికొఱకుఁ దన చేతితోనే పోరవలయును. ఎదుటిపక్షమునఁ జేరినవాఁడును ఆటగాఁడే. వానికిని దన పక్షమే నాయకపక్షము. ఇట్టి కథలో నొక పక్ష మధర్మ మొనర్చినచో ఆ దోష మెవ్వరిది? ఆనతి యిచ్చిన నాయకునిదా? పక్షమందలి యెల్లరిదా? ఆనతి నెఱవేర్చినవానిదా? ఈ ప్రశ్నకు వార్‌క్రాఫ్టు అను ప్రసిద్ధ క్రీడాకథ యెట్టి యుత్తర మిచ్చుచున్నదో పరిశీలించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఈ కథను గల్పించినది అమెరికాదేశమందలి బ్లిజార్డు అను సంస్థ. మొదటి క్రీడ 1994వ సంవత్సరమున వెలువడెను. అందలి కథ మిక్కిలి సులభము. అజెరాత్ అను లోకమున మానవులు నివసించుచుండఁగా, ఓర్కులను జాతివారు వేఱొక లోకమునుండి మాయాద్వారముగుండ వచ్చి వారిపైఁ బడిరి. 1995లో వెలువడిన రెండవ క్రీడయందు మానవులును వారి మిత్రజాతులును ‘అలయన్సు’ అను కూటమిగా నేర్పడిరి. ఓర్కులును వారి తోడివారును ‘హోర్డు’ అనఁబడిరి. 2002లో వచ్చిన మూఁడవ క్రీడ యీ చిత్రమును మార్చివైచెను. ఓర్కులు స్వభావముచేతఁ గ్రూరులు కారు. రాక్షసరక్తమును ద్రావి యున్మత్తులైనవారు. ఓడినపిదప మానవుల నిర్బంధశిబిరములయందు మ్రగ్గినవారు. థ్రాల్ అను యువనాయకుఁడు వారిని విడిపించి, సముద్రము దాఁటించి, క్రొత్తదేశమున మానముతో బ్రదుకు త్రోవ చూపెను. నాఁటినుండి యీ కథలోఁ జెడ్డపక్షము, మంచిపక్షము అను విభాగము చెల్లకపోయెను.

2004లో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్టు’ వెలువడెను. ఇది యసంఖ్యాకులు తమ తమ యిండ్లనుండియే యొక్క లోకమునఁ జేరి యాడెడి క్రీడ. అందుఁ బ్రవేశించువాఁడు తన పాత్రకు జాతిని నిర్ణయించుకొనునపుడే పక్షమును నాఁడు నిర్ణయమగుచుండెను. ఎదుటిపక్షమువాఁడు పలికిన మాట యితనికి అర్థములేని యక్షరములుగఁ గానవచ్చుచుండెను. వాఁడును దనవంటి మనుష్యుఁడే యని తెలిసియు వానితో మాటాడ వలనుపడకుండెను. పక్షభేదము కథలోనే కాక క్రీడానియమములయందును నిట్లు స్థిరపడెను.

ఆటగానికిఁ గర్తృత్వ మెట్లు కలుగునో తెలియుటకు మూఁడవ క్రీడయందలి స్ట్రాత్‌హోమ్ పురవృత్తాంతము చాలును. ఆ పురజనులు విషధాన్యమును దిని వ్యాధిగ్రస్తులైరి. కొంతసేపటికి వారు ప్రేతములై లేచి శత్రువునకు దాసులగుదురు. రాజపుత్రుఁడగు ఆర్థాస్ వారు మాఱకమునుపే వారినెల్లఁ జంపవలయునని నిశ్చయించెను. అతని గురుఁడగు ఉథర్ యందులకు సమ్మతింపక తొలఁగెను. అతనిఁ బ్రేమించిన జైనాయును ముఖము ద్రిప్పుకొని వెడలిపోయెను. ఆటగాఁడు మాత్రము వెడలిపోలేఁడు. ఆర్థాసును నడపువాఁ డతఁడే గదా. మాల్‌గానిస్ అను రాక్షసుఁడు 100 మందిని దనవారిగఁ జేసికొనకమునుపే యితఁడు 100 మందిని జంపవలయును. అట్లు చంపినఁగాని కథ ముందునకు సాగదు. కాని యా కథ యీ కార్యమును మెచ్చుకొనదు. ఆర్థాస్ క్రమముగఁ బతితుఁడై, తుదకుఁ దన తండ్రినే చంపును. చేసినవాఁడే చేసినదాని ఫలము ననుభవించెను. ఇచ్చట దోషవిభాగము స్పష్టము.

ఒకని కథలో స్పష్టమైన యీ న్యాయము పక్షముల కథలో మసకవాఱినది. ఇందు దోషమును బంచు విధములు మూఁడు గానవచ్చుచున్నవి.

మొదటిది, కొందఱి దోషమును ఎల్లరిపై మోపుట. దీనికి జైనావృత్తాంత ముదాహరణము. 2003లో వెలువడిన యనుబంధక్రీడలో నీమె థెరమోర్ అను రేవుపట్టణము నేలుచు, థ్రాల్‌తో సంధి పాటించుచుండెను. ఆమె తండ్రి నావికాసైన్యముతో వచ్చి ఓర్కులను నిర్మూలింపఁబూనెను. ఆమె తండ్రికిఁ దోడ్పడలేదు. తండ్రి హోర్డువారిచేఁ జచ్చెను. జ్ఞాతిప్రేమకంటె సంధిధర్మము గొప్పదని తలఁచిన స్త్రీ యీమె. 2012లో థ్రాల్ తరువాత హోర్డునకు నాయకుఁడైన గారోష్ మంత్రశక్తి నింపిన బాంబును థెరమోర్‌పైఁ బడవేయించి యా పట్టణమును భస్మము చేసెను. ఆమె పాటించిన ధర్మమునకు దక్కిన ప్రతిఫల మిది.

ఆ వెంటనే యీమె దలారన్ అను మాంత్రికనగరమునకు నాయకురాలయ్యెను. ఆ నగరము తటస్థము. ఉభయపక్షముల మాంత్రికులును నందు వసించుచుండిరి. హోర్డు వారు డార్నసస్ నగరమునుండి యొక దివ్యఘంటను దొంగిలించుటకు, దలారన్‌లో నున్న సన్‌రీవరులను వర్గమువారిలోఁ గొందఱు తోడ్పడిరి. జైనా యపరాధులను వేఱుపఱుపలేదు. ఆ వర్గమువారి నెల్లర నగరమునుండి తఱిమించెను. ఎదిరించినవారు చచ్చిరి, తక్కినవారిలోఁ బలువురు చెఱఁబడిరి. ఈ కార్యమును నెఱవేర్చినవారు అలయన్సుపక్షమునఁ జేరిన ఆటగాండ్రు. దీనినిగుఱించి యే న్యాయసభయుఁ గూడలేదు. ఆమె దుఃఖము మనకుఁ దెలియును గావున నామె కోపమును క్షమింతుము. కాని కోపము క్షమార్హమైనంతమాత్రమున, నిరపరాధులకు శిక్ష న్యాయ్యము కానేరదు.

రెండవది, పక్షము చేసిన దోషమును ఒక్కనిపై మోపుట. 2013లో గారోష్‌పై హోర్డులోనే తిరుగుబాటు పుట్టెను. ఉభయపక్షములును గూడి యతని రాజధానిని ముట్టడించి యతనిఁ బట్టుకొనెను. అతని విచారణ 2014లో క్రిస్టీ గోల్డెన్ రచించిన ‘వార్ క్రైమ్స్’ అను నవలయందు వర్ణింపఁబడినది. న్యాయాధిపతి తరన్ ఝూ. అభియోగము నడపినది అలయన్సుపక్షమునందలి టైరాండే. గారోష్ పక్షమున వాదించినవాఁడు బెయిన్. ఇతని తండ్రి గారోష్‌తోడి ద్వంద్వయుద్ధముననే మరణించెను. ఐనను వాదము లేక శిక్ష కూడదని యతఁడు పూనుకొనెను. న్యాయమునకు దీనికంటె నుత్తమమైన యారంభ ముండఁబోదు. కాని యా విచారణ ముగియలేదు. గారోష్ తప్పించుకొని పోయెను. ఆ సంవత్సరముననే వెలువడిన క్రీడలో థ్రాల్ చేత ద్వంద్వయుద్ధమునఁ జచ్చెను. సభలో మొదలైన న్యాయము భుజబలముతో ముగిసినది. బాంబును మోసినవారు, త్రోవ గాచినవారు, జయఘోష చేసినవారు ఎవ్వరును సభయెదుట నిలువలేదు.

2018లో నీ కథయే మఱింత ఘోరముగఁ దిరిగివచ్చెను. హోర్డునకు నాయకురాలైన సిల్వానస్, నైట్ ఎల్ఫులను జాతివారు నివసించెడి టెల్‌డ్రాసిల్ అను మహావృక్షముపై దండెత్తెను. యుద్ధతంత్రమును రచించినవాఁడు సౌర్‌ఫాంగ్ అను వృద్ధసేనాని. వృక్షమును బట్టుకొనుట యతని సంకల్పము. సిల్వానస్ దానిని దగులఁబెట్ట నాజ్ఞాపించెను. నిరాయుధులు, శిశువులు దగ్ధులైరి. హోర్డుపక్షపు ఆటగాండ్రు త్రోవపొడుగునఁ బోరాడి వచ్చినవారు. నిప్పుపెట్టుటకు మాత్రము వారి యనుమతి నెవ్వ రడిగిరి? అలయన్సుపక్షపు ఆటగాండ్రు మంటలలోఁ జొచ్చి పౌరులను రక్షింపఁబోయిరి. ఎంత త్వరపడినను ఎల్లరను రక్షింపఁజాలరు. ఆటగాండ్రలోఁ బలువురు దీనికి నొచ్చుకొనిరి. ఆ నొప్పియే యీ విషయము కేవలవినోదము కాదనుటకు నిదర్శనము.

అటుపిమ్మట హోర్డు ఆటగానికి సౌర్‌ఫాంగ్ వైపునో, సిల్వానస్ వైపునో నిలుచుటకు అవకాశ మీయఁబడెను. కాని యేది కోరినను గథాగతి మాఱలేదు. 2019లో సౌర్‌ఫాంగ్ ఉభయసేనలు చూచుచుండఁగా సిల్వానస్‌ను ద్వంద్వయుద్ధమునకుఁ బిలిచి మరణించెను. ఆమె హోర్డును దూషించి వెడలిపోయెను. నాయకురాలు పోవఁగానే పక్షము నిర్దోషమైనట్లు కథ సాగినది. ఆఱేండ్లలో రెండుమాఱు లొకటే విధము: నాయకుఁడు చెడును, పక్షము రెండుగఁ జీలును, నాయకుఁడు తొలఁగును, పక్షము శుద్ధమగును.

ఇట్లేల జరుగుచున్నది? కారణము కథలోఁ గాదు, క్రీడానిర్మాణములో నున్నది. రెండుపక్షములు నిలిచినఁగాని యాట నిలువదు. హోర్డును దోషానుసారముగ శిక్షించినచో నా పక్షపు ఆటగాండ్రకుఁ జోటుండదు. శిక్షింపక విడిచినచో నెదుటిపక్షమువారు సహింపరు. కావున నాయకునొక్కనిని బలియిచ్చి యుభయులను దృప్తిపఱుతురు. ధర్మమునకై కథ కాక, ఆటకై ధర్మము కల్పింపఁబడుచున్నది.

మన భారతమున దీనికి సరియైన ఘట్టము కలదు. తిక్కన తెనిఁగించిన భాగములలోనిదే. సౌప్తికమున నిదురించుచున్న పాండవసేనను జంపినవాఁ డశ్వత్థామ. శిబిరద్వారమున నిలిచి, పాఱిపోవువారిని జంపినవారు కృపుఁడు, కృతవర్మ. అశ్వత్థామకు మణిహరణము, శాపము కలిగెను. కృపుఁడు పిదపఁ బరీక్షిత్తునకు గురుఁడయ్యెను. ఇంతవఱకుఁ జూచినచో భారతమును ఒక్కనిపైనే దోషము మోపినట్లు తోఁచును. కాని కవి మఱచిపోలేదు. మౌసలపర్వమున సాత్యకి, నిదురించువారిని జంపితివని కృతవర్మను నిందించెను. కృతవర్మ భూరిశ్రవుని వధ నెత్తి చూపెను. ఆ మాటలనుండియే యాదవవంశము కూలెను. శిక్షింపఁబడని దోషము ముప్పదియాఱేండ్లకును నణఁగదని భారతము చెప్పుచున్నది. వార్‌క్రాఫ్టు కథలో నణఁగిన దోషము తిరిగి పైకి రాదు. క్రొత్త దోషము దానిని గప్పివేయును.

ఇందుకు నొక యాక్షేపము కలదు. ఆనతి యిచ్చినవానికిఁ గదా ప్రధానదోషము, పలువురిని శిక్షించుటకంటె నొక్కని శిక్షించుట మేలుగదా యని. దోషము నాయకునియం దెక్కువ యగుట నిజమే. కాని యెక్కువ యనుటకు అంతయు ననుట యర్థము కాదు. పలువురిని శిక్షింపకుండుట దయ కావచ్చును. పలువురు చేసినదే లేదనుట యసత్యము. దయకు సత్యము నంగీకరించుట మొదటిమెట్టు.

మూఁడవ విధము, ఎవ్వఁడు చేసినది వాఁడు దాల్చుట. ఇది యీ కథలో నరుదైనను లేకపోలేదు. సౌర్‌ఫాంగ్ దండయాత్రలో నైట్ ఎల్ఫుల నాయకుఁడగు మల్ఫ్యూరియన్‌ను వెనుకనుండి గొడ్డట వ్రేసి, సిగ్గుపడి, చంపక విడిచెను. వృక్షదహనమున కానతి తనది కాకున్నను, త్రోవ తీసినది తానేయని యతఁ డెన్నఁడును మఱవలేదు. సైనికులు చావకుండుటకే తుదియుద్ధమును దానొక్కఁడు కోరెను. వికర్ణుఁడు సభలో ధర్మము పలికి, రణమునఁ బక్షము విడువఁజాలక చచ్చెను. యుయుత్సుఁడు పక్షమును విడిచి బ్రదికెను. సౌర్‌ఫాంగ్ ఈ యిరువురిలో నొక్కఁడును గాఁడు. పక్షమును విడువక, దాని దోషములో దన పాలు దనదని యొప్పుకొన్నవాఁడు. పాత్రలలో నెల్లరకంటె నీతఁడే మనస్సున నిలుచుటకుఁ గారణ మిది.

2022లో సిల్వానస్‌కుఁ దీర్పు చెప్పు భారము టైరాండేకే యీయఁబడెను. ఆమె యామెను జంపలేదు. మా అను నరకలోకమునఁ జిక్కిన యాత్మల నన్నిటిని విడిపించువఱకు నందే తిరుగవలసినదని విధించెను. బాధితురాలే న్యాయకర్త్రి యగుట ధర్మశాస్త్రరీతిఁ జింత్యమే యైనను, చెడఁగొట్టినదానిని జక్కఁబెట్టుటయే శిక్షయనుట యుత్తమమైన భావము. ఆ సంవత్సరముననే క్రీడానియమములు సడలి, ఉభయపక్షములవారును బెక్కుచోట్లఁ గలసి యాడ ననుమతి కలిగెను. గోడ తగ్గినది, మంచిదే. కాని గోడ తగ్గినంతమాత్రమున లెక్క తీఱదు.

పాఠశాలలయందు ధర్మసూక్ష్మమును బోధించు పండితుల కీ క్రీడాకథ లుపేక్షింపఁదగినవి కావు. నేఁటి విద్యార్థులలోఁ గొంద ఱట్టి కథలలోఁ దమ చేతితోఁ గత్తి దూసినవారు. సౌప్తికము పాఠము చెప్పునపుడు, ‘శిబిరద్వారమున నిలిచినవాని దోష మెంత?’ యని యడిగినచో, వారికి నది పుస్తకములోని ప్రశ్నగాఁ దోఁపదు. తాము నిలిచి చూచిన ద్వారముగాఁ దోఁచును.