తీవ్ర ఉబ్బసం: మందు పెంచే ముందు తేల్చుకోవలసినవి

ఊపిరితిత్తులకు గాలిని చేరవేసే శ్వాసనాళాల లోపలి పొర దీర్ఘకాలం వాచి ఉండడం వల్ల కొద్దిపాటి ధూళికో చలిగాలికో వాటి చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుపోయి, లోపల చిక్కటి కఫం పేరుకుని, ఊపిరి పీల్చడం కంటే వదలడమే కష్టమయ్యే జబ్బు ఉబ్బసం. క్రమం తప్పకుండా పీల్చే మందులు వాడితే ఎక్కువమందిలో ఇది అదుపులోనే ఉంటుంది. అధిక మోతాదులో పీల్చే స్టెరాయిడ్‌ను, నాళాలను గంటల తరబడి తెరిచి ఉంచే మరో మందుతో కలిపి సరైన పద్ధతిలో వాడుతూ, జబ్బును ఎగదోసే ఇతర కారణాలను సరిదిద్దుకున్న తరువాత కూడా లొంగని ఉబ్బసాన్నీ, ఆ మోతాదు తగ్గించగానే తిరగబెట్టే ఉబ్బసాన్నీ మాత్రమే వైద్యశాస్త్రం తీవ్ర ఉబ్బసంగా లెక్కిస్తుంది. ఉబ్బస రోగుల్లో ఇటువంటివారు సుమారు 3 నుంచి 10 శాతం మాత్రమే.

ఆయాసం ఎంత ఎక్కువగా ఉందన్నది ఒక్కటే ఈ నిర్వచనానికి కొలమానం కాదు. జబ్బు నిజంగా ఉబ్బసమేనా, మందు నాళాల్లోకి చేరుతోందా, ధూళికి దూరంగా ఉన్నా జబ్బు తగ్గడం లేదా అనే మూడు ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతే తీవ్రత మాట వస్తుంది. తీవ్ర ఉబ్బసమని అనుకున్న చాలా సందర్భాల్లో ఈ మూడింటిలో ఎక్కడో ఒకచోట లోపం బయటపడుతుంది కనుక, వరుసగా వాటిని తేల్చుకోవడమే చికిత్సలో మొదటి భాగం.

మొదటి ప్రశ్నకు జవాబు స్పైరోమెట్రీ పరీక్ష ఇస్తుంది. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికి వచ్చే గాలిని కొలిచి, నాళాలను తెరిచే మందు పీల్పించి మళ్లీ కొలిచినప్పుడు, ఆ గాలి కనీసం 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగితే అది ఉబ్బసానికి బలమైన ఆధారం. కడప జిల్లాలోని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల్లో ఈ పరీక్షతో పాటు రోగి చేసే పనిని అడగడం కూడా అంతే అవసరం. ఎందుకంటే సిలికా కలిసిన రాతిధూళిని ఏళ్ల తరబడి పీల్చినవారికి ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్, పొగతాగేవారికీ కట్టెల పొయ్యి ముందు వంట చేసిన మహిళలకూ వచ్చే దీర్ఘకాలిక శ్వాసనాళ వ్యాధి, క్షయ వంటివి కూడా ఆయాసంగానే బయటపడతాయి. పులివెందుల సమీపంలోని బ్రాహ్మణపల్లె వైపు ఒకప్పుడు రాతినారను (ఆస్బెస్టాస్) తవ్వేవారు. ఆ పోగులు పీల్చినవారికి దశాబ్దాల తరువాత కూడా ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు రావచ్చు. ఇవేవీ ఉబ్బసం మందులకు ఉబ్బసంలా లొంగవు.

ఉబ్బసమేనని తేలినవారికి సైతం ఇక్కడి గాలి పరీక్ష పెడుతుంది. నాపరాళ్ల గనులు, బండల పాలిష్ ఫ్యాక్టరీలు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు, ప్రొద్దుటూరు పత్తి వ్యాపారం ఈ ప్రాంతానికి కూడు పెట్టే పనులే. పాలిష్ యంత్రం కింద నీళ్లు పోసినంతసేపు ధూళి అణిగి ఉన్నా, బయట పారబోసిన తెల్లటి బురద ఎండలో పొడి అయ్యాక గాలి తోలినప్పుడల్లా పైకి లేస్తుంది. దీనికి బీడు భూముల్లో పెరిగే వయ్యారిభామ పుప్పొడి తోడవుతుంది. పనికి వెళ్లిన రోజుల్లో ఆయాసం పెరిగి, సెలవుల్లో తగ్గుతుంటే పని ధూళిని అనుమానించాలి. పత్తి ధూళి వల్ల వచ్చే బిసినోసిస్‌లో మాత్రం సెలవు తరువాత పనికి వెళ్లిన తొలి రోజే ఛాతీ ఎక్కువగా పట్టేస్తుంది.

మందు విషయానికి వస్తే, ఇన్‌హేలర్‌ను కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, మీట నొక్కుతూ నెమ్మదిగా పీల్చి, పది సెకన్లు ఊపిరి బిగపట్టకపోతే మందులో ఎక్కువ భాగం గొంతులోనే ఆగిపోతుంది. గొట్టంలాంటి స్పేసర్ తగిలిస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది. పొడి మందు పరికరంలో మాత్రం వేగంగా, బలంగా పీల్చాలి. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించాలి. తక్షణ ఉపశమనమిచ్చే సాల్బుటమాల్ వాపును తగ్గించదు. అటువంటి ఇన్‌హేలర్లు ఏడాదికి మూడు, అంతకు మించి ఖర్చవుతుంటే ఉబ్బసం అదుపు తప్పిందనే అర్థం. ఆయాసం వచ్చినప్పుడల్లా ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకోవడం, మృగశిర కార్తెకు హైదరాబాద్ వెళ్లి కొర్రమీనుతో చేప ప్రసాదం మింగడం చాలా కుటుంబాలకు అలవాటే. అయితే చేప ప్రసాదం ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు కనుక, ఆ నమ్మకంతో రోజువారీ ఇన్‌హేలర్‌ను మానేయడం ప్రాణాపాయానికి దారితీయవచ్చు.

ఈ మూడు మెట్లూ దాటాక కూడా లొంగనిదే నిజమైన తీవ్ర ఉబ్బసం. అప్పుడు రక్తంలో ఇయోసినోఫిల్ అనే తెల్లకణాలను, ఎలర్జీని సూచించే ఐజీఈని కొలిచి, ఆస్పర్‌జిల్లస్ అనే బూజుకు శరీరం ప్రతిస్పందించడం వల్ల వచ్చే ఏబీపీఏ ఉందేమో చూస్తారు. ఏబీపీఏ మన దేశంలో తరచుగా కనిపించేదే, చికిత్స ఉన్నదే. వాపును నడిపించే ఒక్కొక్క రసాయనాన్ని ఎంచుకుని అడ్డుకునే బయోలాజికల్ ఇంజెక్షన్లలో ఒమాలిజుమాబ్‌ను 2003లో, మెపోలిజుమాబ్‌ను 2015లో అమెరికా అనుమతించింది. ఇవి మన దేశంలోనూ దొరుకుతున్నా ఖరీదైనవి. రక్తపరీక్షల ఫలితాన్ని బట్టి తగినవారికే ఇస్తారు. వీటికి బదులుగా స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి మింగితే మధుమేహం, ఎముకల బలహీనత, కంటిపొరలు రావచ్చు. దీర్ఘకాలం వాడినవాటిని ఉన్నట్టుండి ఆపడమూ ప్రమాదమే.

ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, ఆయాసం తగ్గకుండానే పిల్లికూతలు ఆగిపోవడం ప్రాణాపాయ సూచనలు. అటువంటప్పుడు వెంటనే 108కు ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా సాల్బుటమాల్‌ను వైద్యుడు ముందుగా రాసిచ్చిన లెక్క ప్రకారం స్పేసర్ ద్వారా ఇస్తుండాలి. ఇంతదాకా రాకముందే కడప రిమ్స్ వంటి బోధనాసుపత్రికి వెళ్లేవారు పాత ఎక్స్‌రేలతో పాటు వాడుతున్న ఇన్‌హేలర్లన్నింటినీ తీసుకెళ్లి, వాటిని ఎలా పీలుస్తున్నదీ వైద్యుడి ఎదుట చేసి చూపించి, ఏ గనిలో, ఏ ఫ్యాక్టరీలో ఎన్నేళ్లు పనిచేసిందీ అడగకపోయినా చెప్పడం మంచిది. మందు పెంచాలా, మార్చాలా, పని చోటే మార్చుకోవాలా అన్నది వైద్యుడు తేల్చగలిగేది ఆ వివరాలతోనే.